సింహద్వారము: ఎన్నికయు నౌచిత్యమును

ఇల్లు కట్టించువారు పునాది విషయమున మేస్త్రీ మాటను, కప్పు విషయమున ఇంజనీరు మాటను పాటింతురు. సింహద్వారము కడకు వచ్చుసరికి ఎవరి మాటయు వినరు. అది కేవలము తమ అభిరుచికి చెందిన విషయమని వారి తలంపు. వర్తకుని యొద్ద బొమ్మల పుస్తకము తిరుగవేసి, ఏ తలుపు కంటికి ఇంపుగా నున్నదో దానిని కోరుకొందురు. ఇల్లు పూర్తియైన పిదప ఆ తలుపు ఇంటి మొగమునకు పొందక అతుకువలె కనబడుచున్నచో, కారణము తెలియక విచారింతురు.

ఇట్టి విషయము తెలుగు శాఖ పరిశోధన సంచికలో చర్చింపదగినదేనా యని పాఠకులకు సందేహము కలుగవచ్చును. ద్వారమునకు సంబంధించిన పదములను, శాస్త్రవిషయములను, ఇంటింటి ఆచారములను ఒకచో చేర్చి చూచినచో, మన పూర్వులకు ఈ ఎన్నికను గూర్చి స్పష్టమైన దృష్టి యొకటి యుండెననియు, అది నేటి గృహస్థునకును పనికివచ్చుననియు మాకు తోచినది. ఆ దృష్టిని వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. సంగ్రహముగా చెప్పవలెనన్నచో, తెలుగు ఇంటి సింహద్వారమునకు అందము తలుపు రెక్కలో లేదు, ద్వారబంధములో నున్నది. ఏలయన, ఆ తలుపు పగలెల్ల తెరచియుండునట్టిది.

1. పదముల సాక్ష్యము

ముందుగా పదములను పరిశీలింతము. 'వాకిలి' అను మాటలోని 'వా' యనగా నోరు. వాకొను, వాపోవు, వాతెర మొదలగు పదములలో ఇది కనబడును. తమిళమున వాయిల్, కన్నడమున బాగిలు అనునవి వాకిలికి సోదరపదములు. 'ఇల్' (ఇల్లు), 'వాయ్' (నోరు) అను రెండును తారుమారై 'వాయిల్' అను పదమైనదని తమిళ వైయాకరణులు ఉదాహరింతురు. మన భాషలో వాకిలికి వాకిట, వాకిండ్లు అనియు, ఇల్లునకు ఇంట, ఇండ్లు అనియు రూపములుండుట చూచి, ఈ పోలికయే చాలునని కొందరు విద్యార్థులు తమ వ్యాసములలో వ్రాయుచుందురు. ఇచట కొంత జాగ్రత్త అవసరము. కౌగిలికిని కౌగిట, కౌగిండ్లు అను రూపములున్నవి. కౌగిలిలో ఇల్లు లేదు. కావున రూపసామ్య మొక్కటియే ప్రమాణము కాజాలదు. సోదరభాషల సాక్ష్యమే ఇచట బలవత్తరమైనది. ఎట్లయినను వాకిలి ఇంటికి నోరనుట నిరాధారము కాదు.

ఈ పదము మూడు సీమలలో మూడు విధములుగా వాడబడుచున్నది. రాయలసీమలో 'వాకిలి మూయుము' అన్నచో తలుపు వేయుమని అర్థము. కోస్తా మండలములలో 'వాకిలి ఊడ్చుట' యనగా ఇంటి ముందరి నేలను ఊడ్చుట. తెలంగాణమునందును వాకిలి సాంపి చల్లి ముగ్గు వేయు చోటు. అచట ద్వారమునకు పారసీకమునుండి వచ్చిన 'దర్వాజ' ప్రసిద్ధము. పారసీకమున 'దర్' అనునది సంస్కృత ద్వారశబ్దమునకు జ్ఞాతియే కావున, ఆ పదమును పరాయిదని త్రోసిపుచ్చువారు కొంత తొందరపడినవారగుదురు. ఈ వ్యవహారభేదమునుండి గ్రహింపదగిన విషయ మొకటి కలదు. తెలుగువానికి ద్వారమును, దాని ముందరి నేలయు వేర్వేరు వస్తువులు కావు. రెండింటికిని ఒకే మాట చాలినది.

సింహద్వారము అను పదము రాజప్రాసాదములకును ఆలయములకును చెందినది. పూరీ జగన్నాథాలయపు తూర్పు ద్వారమునకు నేటికిని ఇదియే పేరు. దాని కిరుప్రక్కల రెండు సింహములున్నవి. మన వ్యవహారమున రెండు గదుల ఇంటి ముందరి గుమ్మమునకు సైతము ఈ పేరు చెల్లుచున్నది. సింహ మొక్కటియు లేని ఇంటికి సింహద్వారము కలదు. దీనిని అతిశయోక్తి యనుకొనుట కంటె, ప్రతి గృహస్థునకు తన గుమ్మముపై గల గౌరవమునకు గుర్తుగా గ్రహించుట మేలు.

గడప విషయము మరింత గమనింపదగినది. తెలంగాణమున కడప యనియు అందురు. 'గడచు' అను క్రియతో దీనికి సంబంధము కలదని మేము తలచుచున్నాము. దాటదగిన చోటు గడప. కడప పట్టణమునకు ఆ పేరు తిరుమల కొండకు గడప యగుటచే వచ్చినదని జనశ్రుతి. ఊరిలో ఎన్ని ఇండ్లున్నవని అడుగుటకు 'ఎన్ని గడపలు?' అనుట మన పల్లెలలో పరిపాటి. నూరు గడపల ఊరు కలదు. నూరు తలుపుల ఊరు అనుట లేదు. ఒకరి యింటికి పోవుట గడప త్రొక్కుట. పనికై తిరుగుట గడప గడపకు తిరుగుట. తలుపును గూర్చిన పలుకుబడులు వేరు తీరువి. తలుపు తట్టుట, తలుపులు మూసికొనుట, మొగముమీద తలుపు వేయుట - వీనిలో తలుపు అడ్డముగానే కనబడుచున్నది. ఇంటికి గుర్తుగా భాష ఎన్నుకొన్నది గడపను; రెక్కను కాదు.

తక్కిన అంగముల పేరులును ఇట్లే ఒక మొగమును తలపించుచున్నవి. ద్వారబంధపు పై కమ్మి నడిమి భాగమును శిల్పులు లలాటబింబ మందురు. తాళమును తెరచునది తాళపుచెవి. గడపకు పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టుదురు. నోరు, నొసలు, చెవి, బొట్టు - ఇన్ని గల దానిని మొగ మనక ఏమందుము?

2. శాస్త్రము చెప్పునది

ఇక శాస్త్రము. ఆరవ శతాబ్దివాడగు వరాహమిహిరుని బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయము కలదు. ఆయన ఉజ్జయిని ప్రాంతమువాడు, తెలుగునాటివాడు కాడు. ఐనను వాస్తువును గూర్చి మాటాడువారు తరచు ఆ గ్రంథమునే ప్రమాణముగా పేర్కొందురు కావున, అందు ద్వారమును గూర్చి ఏమి చెప్పబడినదో తెలిసికొనుట యుక్తము.

ఆయన చెప్పినవానిలో మన విషయమునకు సూటిగా సంబంధించినవి మూడు. మూలద్వారపు శోభను ఇంటిలోని ఇతర ద్వారములు మించరాదనునది మొదటిది. ఆ ద్వారమును కుంభము, ఫలము, పత్రము, ప్రమథులు మొదలగు మంగళచిహ్నములతో అలంకరింపవలెనని కూడ ఆయన మతము. తనంతట తెరచుకొను తలుపును, తనంతట మూసికొను తలుపును దోషయుక్తములనుట రెండవది. త్రోవ, చెట్టు, మూల, బావి, స్తంభము మున్నగునవి ద్వారమునకు ఎదురుగా నుండుట వేధ యని చెప్పి, ఇంటి ఎత్తునకు రెట్టింపు దూరమున నున్నచో దోషము లేదనుట మూడవది.

వీనిలో రెండవ మూడవ నియమములకు చెప్పిన ఫలశ్రుతులు భయంకరములుగానే యున్నవి. వానిని నమ్మినను నమ్మకున్నను, వాని వెనుకనున్న పరిశీలనము మాత్రము విలువైనది. బంధము లంబసూత్రమునకు సరిగా నిలువనిచో తలుపు తనంతట కదలును. ఏ వడ్రంగియైనను ఈ మాట చెప్పగలడు. కావున రెండవ నియమము బంధమును నిలిపిన తీరునకు పరీక్ష. మూడవ నియమము చూపునకు సంబంధించినది. గుమ్మమునకు ఎదురుగా దగ్గరలో స్తంభమున్నచో వీధినుండి గుమ్మము కనబడదు. లోపలినుండి వీధి కనబడదు. దూరముగా నున్నచో ఆ అడ్డు లేదు. నేడు వాస్తుపండితులలో కొందరు వేధను చెప్పుదురు గాని దూరమును గూర్చిన మినహాయింపును చెప్పరు. గ్రంథమును సగము చదివినచో కలుగు నష్టమున కిది నిదర్శనము.

ఆలయద్వారములను గూర్చి వరాహమిహిరుడు వేరొక అధ్యాయమున చెప్పినాడు. ద్వారపు వెడల్పు గర్భగృహములో నాల్గవ వంతు, ఎత్తు వెడల్పునకు రెట్టింపు. బంధమునకు మూడో, ఐదో, ఏడో, తొమ్మిదో శాఖలుండుట ప్రశస్తము. శాఖలనగా బంధమున ఒకదాని ప్రక్క నొకటి నిలుచు పట్టెలు. శిల్పమంతయు ఈ పట్టెలపైననే. 1213వ సంవత్సరపు శాసనము గలదియు, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వపు జాబితాకెక్కినదియు నగు పాలంపేట రామప్ప దేవాలయమునకు పోయినవారు గర్భాలయద్వారము నొద్ద నిలిచి చూచునది చెక్కిన రాతి బంధమునే. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణములకు రెక్కలే లేవు. రెక్క లేకున్నను అవి ద్వారములే; అంతియ కాదు, తెలుగునాట వానికి మించి ప్రసిద్ధి గాంచిన ద్వారములు అరుదు. ఆ రాతితోరణమున కున్న పేరే మన గుమ్మమునకు కట్టు మామిడాకుల సరమునకును ఉన్నది. రెండును చేయు పని యొక్కటే. ప్రవేశమునకు ఒక చట్రము కల్పించుట, చూచువానికి లోపలి వస్తువును మన్నింపదగినదిగా తోపజేయుట.

3. తెరచిన తలుపు

ఆలయములవలెనే ఇండ్లయందును ఇట్లు బంధమునకు ప్రాధాన్యము కలుగుటకు కారణము నిత్యజీవితమున నున్నది. మన ఇండ్ల తలుపులు లోనికి తెరచుకొనును. తెల్లవారుజామున తెరచిన తలుపు రాత్రి భోజనములైన పిదపనే మూయబడుచుండెడిది. తెరచిన రెక్క లోపలి గోడకు ఆని, వీధిలో పోవువానికి కనబడదు. పగలు తలుపు మూసియున్నదనిన ఇంటివారు ఊరిలో లేరనియో, ఏదో విపత్తు కలిగినదనియో పొరుగువారు అనుకొనెడివారు. వీధికి కనబడునవి బంధము, గడప, పైన తోరణము, క్రింద ముగ్గు, ఇరుప్రక్కల అరుగులు, చట్రములో చిత్రమువలె నడవయు దాని వెనుకటి వెలుతురును. ఈ సంగతి నెరిగిన పూర్వపు వడ్రంగి తన పనితనమంతయు పై కమ్మిమీదను నిలువులమీదను చూపి, రెక్కను దళసరి పలకలతో గట్టిగా చేసి విడిచెడివాడు. రెక్క రాత్రికి కావలి. బంధము పగటికి మొగము.

సంజవేళ గడప యొద్ద దీపముంచు ఆచారము మన ఇండ్లలో కలదు. దేహళి యనగా గడప. గడపమీది దీపము లోపలి గదికిని, వెలుపలి అరుగునకును ఒకే తడవ వెలుగునిచ్చును. దీనినుండియే దేహళీదీపన్యాయము పుట్టినది. వాక్యమధ్యమున నున్న ఒక పదము ముందు వెనుకల రెండింటితోను అన్వయించునపుడు వ్యాఖ్యాతలు ఈ న్యాయమును చెప్పుదురు. విద్యార్థులకు తరగతిలో దీనిని బోధించునపుడు మేము వ్యాకరణమునకే పరిమితము చేయుచుంటిమి. గృహనిర్మాణమునకు దీనికి మించిన సూత్రము లేదని పిదప తెలిసినది. వీధికి మాత్రమే అందమైన ద్వారము సగము ద్వారము. లోపలివారికి మాత్రమే సుఖమైన ద్వారమును సగమే.

4. నేటి ఎన్నిక

నేడు కాలము మారినది. అంతస్తుల భవనములలో గుమ్మమునకు ముందు ముంగిలి లేదు. ఇరుకైన నడవ కలదు. దొంగల భయము, దోమల బాధ, చల్లని గాలి యంత్రములు - వీనిచే తలుపు పగలును మూయబడియున్నది. ఇనుప గ్రిల్లు దానికి ముందు నిలిచినది. ఈ మార్పును నిందించుట వృథా. కాని దాని ఫలితమును గుర్తింపవలెను. పగలు మూసియుండుటచే రెక్క మొదటిసారిగా ఇంటికి మొగమైనది. చెక్కడమంతయు బంధమునుండి రెక్కమీదికి వలస పోయినది. కావున ద్వారమును ఎన్నుకొనువాడు వేసికొనవలసిన తొలి ప్రశ్న 'ఏ తలుపు అందమైనది?' అనునది కాదు. 'నా యింటి తలుపు దినమునకు ఎన్ని గంటలు తెరచియుండును?' అనునది. తెరచియుండు ఇంటికి వ్యయము బంధముమీద చేయుట యుక్తము. మూసియుండు ఇంటికి రెక్కయే ప్రధానము. అట్టిచోట ఆ రెక్క ఎంత నిరాడంబరముగా నున్న అంత కాలము కంటికి విసుగు గొల్పదు.

రెండవది కఱ్ఱ. మన భాషలో 'చేవ' యను చక్కని పదము కలదు. చెట్టు నడుమ ముదిరిన గట్టి భాగము చేవ. దాని చుట్టునున్న లేత భాగమును చెదలు త్వరగా తినును. టేకునకు పేరు వచ్చినది దాని చేవలోని సహజమైన నూనెవలనను, తేమ మారినను అంతగా ఉబ్బక కుంచింపక నిలుచుటవలనను. సముద్రముమీద బర్మానుండి వచ్చిన కఱ్ఱకు 'రంగూను టేకు' అను పేరు నేటికిని పెద్దల నోట వినబడును. టేకు కొనలేనివారు వేప, వేగిస, నల్లమద్ది వాడుచు వచ్చిరి. ఏ కఱ్ఱయైనను బాగుగా ఆరినదై, చేవ గలదై యుండుట ముఖ్యము. వ్యయమునకు మితి యున్నచో మేలైన కఱ్ఱను బంధమునకు, ముఖ్యముగా గడపకు, వాడవలెను. తేమయు చెదలును మొదట చేరునది అచటికే. రెక్కను ఎపుడైనను మార్చవచ్చును. గోడలో నాటిన బంధమును మార్చుట గోడను పగులగొట్టుటయే.

పలకల తలుపులో చట్రపు గాడిలో కూర్చిన పలకను జిగురుతో అంటింపక వదులుగా విడుతురు. శ్రావణమాసపు తేమకు పలక ఉబ్బినను, వేసవిలో కుంచించినను చట్రము పగులకుండుటకే ఈ ఏర్పాటు. పలకకును చట్రమునకును నడుమ సన్నని సందు చూచి, పనితనము చాలలేదని వడ్రంగిని కోపించుట కూడదు. వానజల్లు తగులు చోట అతుకుడు చెక్కల తలుపు క్రింది అంచున ఉబ్బిపోవును. పడమటి ఎండ సూటిగా తగులు చోట ఇనుప రేకు తలుపు సాయంకాలము చేయి పెట్టనీయదు. కావున తలుపునకు ముందు చూరో, అరుగుపై కప్పో ఉన్నదా యని చూచిన పిదపనే దాని జాతిని నిర్ణయింపవలెను.

మూడవది ప్రమాణము. నేడు సింహద్వారములకు సాధారణముగా వాడుకలో నున్న కొలత 7 అడుగుల ఎత్తు, 3½ అడుగుల వెడల్పు. ఇది ఆలయద్వారమునకు వరాహమిహిరుడు చెప్పిన రెట్టింపు లెక్కయే. కిటికీల పై అంచును, ద్వారపు పై అంచును ఒకే గీతమీద నుండునట్లు కట్టుట మేస్త్రీల వాడుక. ఇంటి ముందటి గోడకు నెమ్మదిని కలిగించునది ఈ గీతయే. 10 అడుగుల గోడలో 9 అడుగుల ద్వారము పెట్టినచో ఆ గీత తెగును. ద్వారము గొప్పగా కనబడుటకు మారు ఇల్లు చిన్నదిగా కనబడును.

నాల్గవది అలంకారము. నేడు యంత్రములతో రెక్కలమీద దేవతామూర్తులను చెక్కుచున్నారు. రెండు రెక్కల తలుపున మూర్తి నడుమ చీలును. గొళ్ళెము పెట్టునప్పుడెల్ల చేయియు, పాదరక్షలు విడుచునపుడు కాలును మూర్తికి తగులును. పూర్వులు లక్ష్మిని లలాటబింబమున నిలిపిరి. లోనికి పోవువాడు ఆమె క్రింద తల వంచి పోవును. ఒకే మూర్తి, ఒకే చెక్కడము. స్థానము మారుటతో ఔచిత్యము పోయినది. అలంకారము స్థానమునుబట్టి శోభించునని కావ్యమున చెప్పు మాట కఱ్ఱపనికిని వర్తించును.

ఐదవదియు, మిక్కిలి కష్టమైనదియు గడప. పూర్వపు గడప నాలుగైదు అంగుళముల ఎత్తు గలది. అది వాననీటిని, ధూళిని, తేళ్ళను ఆపెడిది. రెండు నిలువులను అడుగున బిగించి పట్టెడిది. కాని ముసలివారి కాలికిని, చక్రముల కుర్చీకిని అదియే ఆటంకము. వికలాంగులకు అనువగు కట్టడములను గూర్చి కేంద్రప్రభుత్వము వెలువరించిన ప్రమాణములు ద్వారమునకు 900 మిల్లీమీటర్ల వెడల్పు ఉండవలెననియు, గడప 12 మిల్లీమీటర్లకు మించరాదనియు చెప్పుచున్నవి. 12 మిల్లీమీటర్లనగా అరంగుళము కంటె తక్కువ. గడపయే ఇల్లనుకొన్న జాతికి ఇది చిన్న చిక్కు కాదు.

5. ఒక నిదర్శనము

ఈ చిక్కు మాకు పుస్తకమునుండి కాక మా యింటినుండియే తెలిసినది. గోదావరి తీరమున ఒక గ్రామములో మా పెద్దలు కట్టిన పెంకుటింటి గోడలు శిథిలమగుటచే, దానిని తీసి అచటనే చిన్న యిల్లు కట్టించుటకు మేమును మా తమ్ముడును నిశ్చయించితిమి. మా తల్లిగారికి డెబ్బదియెనిమిది సంవత్సరములు. రెండేండ్లుగా చక్రముల కుర్చీలోనే తిరుగుచున్నారు. పాత గుమ్మము 5½ అడుగుల ఎత్తు, 32 అంగుళముల వెడల్పు. పై కమ్మి నడుమ పద్మము, దాని కిరుప్రక్కల రెండు చిలుకలు. మడతబందులు లేవు, రెక్కల అంచున మీదను క్రిందను మిగిల్చిన మొనలు పై కమ్మిలోను గడపలోను తొలిచిన గుంటలలో తిరుగుచుండెడివి. ఒక వర్తకుడు వచ్చి, పట్టణములో ఏదో హోటలు గోడకు అలంకారముగా పెట్టుటకు ఆ గుమ్మమును కొందునన్నాడు. క్రొత్త టేకు తలుపు ధరలో సగమునకు పైగా ఇచ్చుటకు సిద్ధపడినాడు.

మా తమ్ముడు దానిని అమ్మి, దశావతారములు చెక్కిన పెద్ద తలుపు చేయింపవలెననెను. మేము పాత గుమ్మమును ఉన్నదున్నట్లు నిలుపవలెనంటిమి. నాలుగు దినములు వాదము జరిగినది. మేము సంప్రదాయమును గూర్చి పెక్కు మాటలు చెప్పితిమి గాని, 32 అంగుళముల గుమ్మములో, ఐదంగుళముల గడపమీదుగా తల్లిగారి కుర్చీ ఎట్లు పోవునో ఆలోచింపలేదు. ఆ సంగతి మా తమ్ముడే జ్ఞాపకము చేసెను. అందుకు మేము నేటికిని సిగ్గుపడుచున్నాము.

వాదమును తీర్చినవారు తల్లిగారే. "తలుపు ఏదైతేనేం నాయనా, పగలంతా తీసే ఉంటుంది గదా! గుమ్మం చూసుకోండి," అనిరి. ఈ వ్యాసమునకు మూలము ఆ వాక్యమే.

పిదప వడ్రంగితో ఆలోచించి చేసినది ఇది. క్రొత్త బంధము 7 అడుగుల ఎత్తు, 3½ అడుగుల వెడల్పున చేయింపబడినది. పాత పై కమ్మిని చిత్రిక పట్టక, కడిగి నూనె రాచి, క్రొత్త కమ్మికి పైన గోడలో నడుమ అమర్చితిమి. పాత గడప గోడలో దాగిన కొమ్ములతో కూడ 4 అడుగుల నిడివి గలదగుటచే క్రొత్త గుమ్మమునకు సరిపోయినది. దానిని నేలలోనికి దింపి, అరంగుళము కంటె తక్కువ మాత్రమే పైకి కనబడునట్లు నిలిపి, అంచులు వాలుగా చెక్కించితిమి. పాత నిలువులు దిగిన గుంటలను వేరు టేకుముక్కలతో పూడ్చిన గుర్తులు ఇప్పటికిని కనబడుచున్నవి. వానిని రంగుతో కప్పలేదు. ఇంటి నేల ముంగిలికి ఒకటిన్నర అడుగు ఎత్తున నున్నది. అడుగు ఎత్తునకు 12 అడుగుల వాలు కావలెనను లెక్క ప్రకారము 18 అడుగుల వాలుబాట వేయవలసివచ్చినది. మా తమ్ముని కోరిక తీరలేదు. రెక్క చెక్కడము లేని పలకల తలుపు. మా కోరికయు పూర్తిగా తీరలేదు. గడప కాలికి తగులని గడపయైనది. వాన యెక్కువైన దినమున గడపకు వెలుపల అడ్డముగా గోనె వేయవలసివచ్చుచున్నది. ఎత్తైన గడప ఊరక చేసిన పని కాదని ఆ దినమున తెలియుచున్నది.

శుక్రవారము మా మరదలు గడపకు పసుపు పూయునపుడు బొట్లు పెట్టుట మాత్రము తల్లిగారు తాము చేయుదుననిరి. గడప పల్లమున నుండుటచే కుర్చీనుండి ఆమె చేయి అందదు. గడపకు మారు నిలువుల అడుగు భాగమున, చేయి అందునంత మేర బొట్లు పెట్టుచున్నారు. ఆ యింటిలో బొట్టు ఒక జానెడు పైకి ఎక్కినది.

6. ముగింపు

పై చర్చవలన తేలిన విషయములివి. ద్వారము లోపలికిని వెలుపలికిని ఒకే తడవ పనిచేయవలసిన వస్తువు కావున దేహళీదీపన్యాయమే దానికి ప్రమాణము. మన సంప్రదాయమున అందమునకు నెలవు బంధము, రెక్క కాదు. తలుపు తెరచియుండు కాలమునుబట్టి వ్యయమును, ఇంటి ముందటి గోడనుబట్టి ప్రమాణమును, ఎండవానలనుబట్టి కఱ్ఱను, ఇంటిలోని మనుష్యులనుబట్టి గడపను నిర్ణయింపవలెను. ఈ నాల్గింటిలో చివరిదానికి తక్కినవన్నియు లొంగవలసినదే.

అధ్యాపకులకును పరిశోధక విద్యార్థులకును ఒక మనవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశములలో వాస్తు పదములకును ఒక సంపుటము కలదు. దానిని కూర్చినవారు బూదరాజు రాధాకృష్ణగారు. ఆ కృషి జరిగిన నాటికి గ్రామమున గుమ్మము చేయు వడ్రంగి యుండెను. నేడు గుమ్మము కర్మాగారమునుండి వచ్చుచున్నది; దానితోపాటు దాని పేరులును వచ్చుచున్నవి. మా గుమ్మమును విప్పిన వృద్ధుడైన వడ్రంగి రెక్కల మొనలకును, అవి తిరుగు గుంటలకును, నిలువు కొమ్ములకును వేర్వేరు పేరులు చెప్పినాడు. ఆ దినమున గుమ్మపు కొలతలు వ్రాసికొంటిమే గాని ఆ పేరులు వ్రాసికొనలేదు. మరల అడుగుదమని పోవునప్పటికి ఆతడు లేడు. భాషను బోధించువారము చేయదగని పొరపాటిది. తమ ఊరిలో ఒక పాత ఇల్లు కూలుచున్నదని తెలిసిన విద్యార్థి, వర్తకుని కంటె ముందుగా పలకయు బలపమును తీసికొని ఆ గడప నొద్దకు పోవునుగాక.